పేరు లేని రంగు పొట్లం: మన రంగుల చరిత్రలో రాయకుండా వదిలిన పేజీ



ఈసారి సంచిక ఫోన్‌లోనే చదువుకునేటట్టు వస్తున్నదని, ఏదైనా చరిత్ర రాసి పంపమని సమాఖ్య పెద్దలు అడిగిన్రు. మనోళ్లు తెలంగాణ జిల్లాల నుంచి సోలాపూర్‌కు వలస వచ్చిన చరిత్ర, మిల్లుల చరిత్ర, చద్దర్ల చరిత్ర ఇంతకు ముందు చాలామంది రాసిన్రు. మేము రంగుల చరిత్ర రాద్దామనుకున్నం. రంగు బట్టకు ఏమి అందం తెచ్చిందో అందరికీ తెలుసు. రంగు వేసిన మనిషి ఒంట్లోకి పోయి అది ఏమి చేసిందో మన సంచికల్లో ఎవరూ రాయలేదు.

మేము చదివింది ఎనిమిదో తరగతి. సంఘం లెక్కలు రాయడం తప్ప వ్యాసాలు రాయడం అలవాటు లేదు. సైన్సు సంగతులు బీఎస్సీ చదివే మా మనుమరాలు దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. "తాతా, ఇట్ల రాస్తే తప్పైతది" అని కొన్ని పంక్తులు కొట్టేయించింది కూడా. మిగిలినవే ఇక్కడ రాస్తున్నం.

పెదనాయిన చేతులు

మా ఇంట్లో బాపు మగ్గం మీద కూర్చునేవాడు. పెదనాయిన నూలుకు రంగు వేసేవాడు. మేము బడి మానేసి పనిలోకి వచ్చింది 1974లో. మొదటి పని పెదనాయినకు నీళ్లు అందించడం, ఐసు గడ్డలు పగలగొట్టడం.

రంగు పనికి ఐసు ఎందుకని ఇప్పటి పిల్లలు అడగొచ్చు. అప్పుడు ఎర్ర రంగు అంటే నాఫ్తాల్ రంగు. ఒక గాబులో నాఫ్తాల్, కాస్టిక్ సోడా, టర్కీ రెడ్ ఆయిల్ కలిపి తెల్ల చిలపలను ముంచి పిండాలి. అప్పటికి నూలు మీద ఎరుపు అనేదే కనబడదు. ఇంకో గాబులో 'బేస్' అనే పొడిని యాసిడ్‌తో, నైట్రైట్‌తో కలిపి ఐసు వేసి చల్లగా ఉంచాలి. వేడెక్కితే మందు చచ్చిపోతుంది. పిండిన చిలపను ఈ రెండో గాబులో ముంచగానే, కన్ను మూసి తెరిచేలోపల ఎరుపు పుట్టుకొచ్చేది. చిన్నతనంలో మాకు అదొక గారడీ. ఆ గారడీ చూడడానికే పొద్దున్నే లేచి పోయేవాళ్లం.

పెదనాయినకు చేతి తొడుగులు లేవు. మోచేతుల దాకా ముంచేవాడు. పొడి బాగుందో లేదో వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. గోళ్ల సందుల్లో ఎరుపు, నలుపు ఎన్నడూ పోలేదు. పెండ్లికి పోయినా ఆ చేతులతోనే వడ్డన పంక్తిలో కూర్చునేవాడు. మధ్యాహ్నం సద్ది తినేముందు నీళ్లతో కడిగేవాడు గానీ, నీళ్లకు పోయే రంగు కాదు అది. తిన్నాక అదే చేత్తో బీడీ.

1980ల చివర్లో ఆయనకు మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. రంగు నీళ్లు ఒంట్లోకి పోయి అట్లనే ఎర్రగా బయటికి వస్తున్నయని నవ్వేవాడు. ఆస్పత్రికి తీసుకపోయేటప్పటికి మూత్రాశయం క్యాన్సర్ ముదిరిపోయింది. డాక్టరు "ఏం పని చేస్తరు?" అని అడగలేదు. మేము కూడా చెప్పలేదు. చెప్పాలని మాకు తెలియదు.

ఆ రోగం రంగు వల్లనే వచ్చిందని మేము అనడం లేదు. ఆయన బీడీలు తాగేవాడు, పొగాకు పొగలో కూడా ఇదే రకం విషాలు ఉన్నయి. ఒక్క మనిషి విషయంలో కారణం ఇదేనని తేల్చడం డాక్టర్లకే కష్టం. కానీ ఈ రోగానికీ రంగు పనికీ ఉన్న సంబంధం అప్పటికే తొంభై ఏండ్లుగా లోకానికి తెలుసు. మా వాడకు మాత్రం ఆ కబురు రాలేదు. మేము రాస్తున్నది ఆ తొంభై ఏండ్ల సంగతే.

చెట్టు రంగు పోయి తారు రంగు వచ్చిన కథ

మన పెద్దలకు ఎరుపు భూమిలో నుంచి వచ్చేది. చిరివేరు అనే మొక్క వేళ్లతో మచిలీపట్నం తీరంలో అద్దిన ఎర్ర బట్ట ఓడలెక్కి దేశాలు తిరిగింది. నీలం నీలి ఆకు నుంచి వచ్చేది.

1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేండ్ల కుర్రవాడు మలేరియాకు క్వినైన్ మందు తయారు చేద్దామని తారులో నుంచి వచ్చే సరుకుతో ప్రయత్నం చేసిండు. మందు రాలేదు, ఊదా రంగు వచ్చింది. రెండేండ్లకు, 1858లో, పీటర్ గ్రీస్ అనే ఆయన అమీన్ అనే పదార్థాన్ని నైట్రైట్ రకం మందుతో చల్లగా కలిపితే వచ్చే కొత్త రసాయనాన్ని కనిపెట్టిండు. మా పెదనాయిన ఐసు వేసి చేసింది సరిగ్గా అదే. దాని నుంచి పుట్టిన రంగులనే 'అజో' రంగులు అంటారు. 1868లో చిరివేరు ఎరుపులో ఉండే అసలు పదార్థాన్నే జర్మనీలో తారు సరుకుతో చేసిన్రు. 1897 నుంచి నీలిమందు కూడా ఫ్యాక్టరీలో చేసి అమ్మిన్రు. నీలి పొలాలు పడావు పడ్డయి.

1884లో వచ్చిన కాంగో రెడ్ మన నేతగాళ్లకు ఇంకా దగ్గరిది. అంతకు ముందు నూలుకు రంగు పట్టాలంటే కరక్కాయ, పటిక లాంటివి ముందు పట్టించాలి. కాంగో రెడ్‌కు అవేవీ అక్కరలేదు. వేడినీళ్లలో ఉప్పుతో కలిపి ముంచితే చాలు, నేరుగా పడుతుంది. అందుకే అట్లాంటి వాటిని డైరెక్టు రంగులు అన్నారు. అగ్గువ, సులువు, ఇంట్లో పొయ్యి మీదనే అయిపోతుంది. దాన్ని చేసింది బెంజిడిన్ అనే అమీన్‌తో. ఆ పేరు గుర్తు పెట్టుకోండి.

మొదట పడ్డది ఫ్యాక్టరీ కూలోళ్లే

1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జను ఒక సంగతి గమనించిండు. ఫుక్సిన్ అనే ఎర్ర రంగు చేసే 45 మంది పనివాళ్లలో ముగ్గురికి మూత్రాశయంలో గడ్డలు. ఊళ్లో అరుదుగా కనిపించే రోగం ఒకే పని చేసే చోట ముగ్గురికి ఎందుకు వచ్చిందని అడిగి, డాక్టర్ల సభలో చెప్పిండు. కొందరు నమ్మలేదు. కానీ తర్వాత స్విట్జర్లాండ్, ఇంగ్లండ్ రంగుల ఫ్యాక్టరీల నుంచి ఇట్లాంటివే బయటపడుతూ వచ్చినయి.

1938లో అమెరికాలో విల్హెల్మ్ హ్యూపర్ అనే డాక్టరు, రంగుల్లో వాడే బీటా నాఫ్తిలమీన్ పెడితే కుక్కల మూత్రాశయంలో గడ్డలు వచ్చినయని చూపించిండు. 1954లో ఇంగ్లండ్‌లో కేస్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు రంగుల ఫ్యాక్టరీల పాత హాజరు పుస్తకాలు, చావు కాగితాలు పక్కపక్కన పెట్టి లెక్క తేల్చిన్రు. బెంజిడిన్, నాఫ్తిలమీన్‌లతో పనిచేసినవాళ్లకు మూత్రాశయం క్యాన్సర్ మామూలు జనం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా పనిలో చేరిన పదిహేను, ఇరవై ఏండ్లకు గానీ రోగం బయటపడదు. ఆలోపల మనిషి ఆ పని మానేసి వేరే ఊరికి పోయినా పోవచ్చు. 1967లో ఇంగ్లండ్‌లో ఆ అమీన్ల మీద చట్టం వచ్చింది.

హాజరు పుస్తకం, చావు కాగితం పక్కపక్కన పెట్టడం అనే మాట దగ్గర మేము చాలాసేపు ఆగినం. మా సంఘంలో హాజరు పుస్తకాలు ఉన్నయి, కూలి పుస్తకాలు ఉన్నయి. ఎవరు ఏ రంగు ఎన్నేండ్లు కలిపిన్రో రాసిన పుస్తకం ఒక్కటి లేదు.

చేతి పనివాళ్ల వంతు

ఇవన్నీ రంగు తయారు చేసే ఫ్యాక్టరీల సంగతులు. తయారైన రంగును వాడేవాళ్లకు ఏమీ కాదని చానా ఏండ్లు అనుకున్నారు. తయారైన రంగులో బెంజిడిన్ విడిగా ఉండదు, పెద్ద అణువులో కట్టేసి ఉంటుంది అనేది వాళ్ల లెక్క.

1971లో జపాన్‌లోని క్యోటో నుంచి యోషిడా అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు రంగుల పనివాళ్లలో మూత్రాశయం క్యాన్సర్ గురించి రాసిన్రు. క్యోటోలో పట్టు కిమోనోల మీద చేత్తో బొమ్మలు వేసే కళాకారులు ఉంటరు. కుంచె కొన సన్నగా రావడానికి దాన్ని నోట్లో పెట్టుకొని పెదవులతో సరిచేసుకునే అలవాటు వాళ్లకు. ఆ రంగుల్లో బెంజిడిన్ రంగులు ఉండేవి. వాళ్లు ఫ్యాక్టరీ కూలోళ్లు కారు. మనలాంటి చేతి పనివాళ్లు.

రంగులో కట్టేసి ఉన్న బెంజిడిన్ ఒంట్లో ఎట్ల విడిపోతుంది? 1975లో అమెరికాలో కోతులకు ఈ రంగులు పెట్టి మూత్రం పరీక్ష చేస్తే అందులో బెంజిడిన్ కనబడింది. మన దేశంలో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్లు, డైరెక్ట్ బ్లాక్ 38 అనే నల్ల రంగుతో పనిచేసేవాళ్ల మూత్రంలో బెంజిడిన్ ఉన్నదని 1988లో ప్రకటించిన్రు. అంటే కడుపులోని సూక్ష్మజీవులు, కాలేయం కలిసి ఆ కట్టును విప్పేస్తయి. నాడు ఫ్యాక్టరీలో కలిపిన దాన్ని ఒళ్లు తిరిగి విడదీస్తుంది.

నాఫ్తాల్ సంగతి ఇంకా సూటిది. అక్కడ విప్పే పని కూడా లేదు. 'బేస్' అని మనం కొన్న పొడే అమీన్. స్కార్లెట్ జీ బేస్, గార్నెట్ జీబీసీ బేస్, రెడ్ టీఆర్ బేస్, బ్లూ బీ బేస్ అన్నవి పాత రంగు పనివాళ్లకు ఇంటి పేర్లలాగ తెలుసు. తర్వాత యూరప్ వాళ్లు వేసిన 22 అమీన్ల నిషేధ జాబితాలో ఈ నాలుగింటి అమీన్లూ ఉన్నయి. పెదనాయిన వేళ్ల మధ్య నలిపి చూసిన పొడి అది.

ఒంట్లో ఏమి జరుగుతది: జకార్డ్ అట్టల లెక్క

ఈ భాగం మనుమరాలు చెప్తుంటే మొదట అర్థం కాలేదు. చివరికి మేమే జకార్డ్ అట్టలతో పోల్చి చెప్పితే "అవును తాతా, అట్లనే రాయి" అన్నది.

చద్దర్ మీద పువ్వు రావాలంటే జకార్డ్‌కు అట్టలు కావాలి. ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో అట్టలో రంధ్రం చెప్తుంది. అట్లనే మన ఒంట్లో ప్రతి కణంలో డీఎన్ఏ అనే ఒక పొడుగాటి అట్టల మాల ఉంటది. అందులో రంధ్రాలకు బదులు నాలుగు రకాల అక్షరాలు. మనిషి మాలలో మూడు వందల కోట్ల దాకా అక్షరాలు ఉంటయి. దాని ఆకారం రెండు పోగుల మెలి అని 1953లో తేల్చిన్రు. కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు చావాలో అన్నీ ఆ మాలలోనే రాసి ఉంటయి.

రంగులో నుంచి విడిపోయిన అమీన్ మొదట నేరుగా ఏమీ చేయదు. ఒంట్లోకి వచ్చిన పరాయి సరుకును కరిగించి బయటికి పంపాలని కాలేయం దాన్ని మారుస్తుంది. ఆ మార్చడంలోనే కొంత భాగం ఇంకా చురుకైన సరుకుగా తయారైతది. అమెరికాలో జేమ్స్ మిల్లర్, ఎలిజబెత్ మిల్లర్ అనే దంపతులు వెన్నకు పసుపుదనం తెచ్చే ఒక అజో రంగును ఎలుకలకు పెట్టి, ఆ రంగు కాలేయంలో గట్టిగా అంటుకుపోవడం 1947లో చూపించిన్రు. విషాన్ని పోగొట్టబోయి ఒళ్లే విషం తయారు చేసుకుంటదని ఆ దారిలో తెలిసింది.

ఆ చురుకైన సరుకు రక్తం దాటి మూత్రంలోకి వస్తుంది. మూత్రాశయంలో గంటల తరబడి నిలువ ఉంటుంది. అక్కడి గోడ కణాల్లోకి చేరి డీఎన్ఏలో 'జి' అనే అక్షరానికి బంకలాగ అంటుకుంటుంది. అంటుకున్నంత మాత్రాన క్యాన్సర్ రాదు. జకార్డ్ అట్ట చిరిగితే కాగితం అంటించి బాగు చేసినట్టు, కణంలో కూడా బాగుచేసే ఏర్పాటు ఉంది, అది రాత్రి పగలు పనిచేస్తనే ఉంటది. కానీ అంటించకముందే ఆ అట్టల మాలకు నకలు తీస్తే? తప్పు రంధ్రం కొత్త మాలలోకి కూడా పోతుంది. ఇక అది చిరుగు కాదు, డిజైన్ అయిపోయింది. ఆ కణం నుంచి పుట్టే ప్రతి కణంలో అదే తప్పు. ఆగమని చెప్పే అట్టలో తప్పు పడితే కణం ఆగదు. ఇట్లాంటి తప్పులు కొన్ని ఒకే కణంలో పోగుపడాలి, అందుకే పదిహేను, ఇరవై ఏండ్లు పడుతుంది.

అందరి ఒళ్లూ ఒక్క తీరు కాదు. ఒకే గాబులో ముంచిన ఇద్దరిలో ఒకరికి ఏమీ కాకపోవచ్చు. "మా తాత తొంభై ఏండ్లు బతికిండు, ఆయన కూడా రంగోడే" అని కొందరు అంటరు. నిజమే. దానివల్ల ఇంకొకరికి రాదని కాదు.

కంటికి కనబడని దెబ్బను ఎట్ల చూసిన్రు

కణంలోని దెబ్బను చూడడానికి సైన్సువాళ్లు కనిపెట్టిన ఉపాయాలు మాకు బాగా నచ్చినయి. మూడు చెప్తం.

మొదటిది ఉల్లిగడ్డ. 1938లో స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ లెవాన్ మొదలుపెట్టిండు. అనుమానం ఉన్న నీళ్లలో ఉల్లిగడ్డ వేర్లు దిగనిచ్చి, వేరు కొనను సూక్ష్మదర్శిని కింద చూస్తే, కణం చీలేటప్పుడు డీఎన్ఏ కట్టలు తెగినయా లేదా తెలుస్తుంది. రంగు కాలువల నీళ్లను ఇప్పటికీ ఇట్ల పరీక్షిస్తున్నరు.

రెండోది 1970లలో బ్రూస్ ఏమ్స్ అనే అమెరికా ఆయన తెచ్చిన పరీక్ష. ఒక రకం సూక్ష్మజీవి మీద మందు వేసి, దాని అక్షరాలు ఎన్నిసార్లు మారినయో లెక్కబెడతరు. ఖర్చు తక్కువ, రెండు మూడు రోజుల్లో తేలుతుంది. ఆయన, ఆయన తోటివాళ్లు 1975లో 169 రకాల తలరంగులు పరీక్షిస్తే 150 రకాలు అక్షరాలు మార్చేవే. జైపూర్ దగ్గర సాంగానేర్ అద్దకాల ఊరి రంగు నీళ్లలో కూడా ఈ గుణం ఉన్నదని ఇదే పరీక్షతో 2005లో అక్కడివాళ్లు చూపించిన్రు.

మూడోది తోకచుక్క పరీక్ష. ఒక్క కణాన్ని జెల్లీలో పెట్టి కరెంటు పారిస్తరు. డీఎన్ఏ బాగుంటే గుండ్రంగా చుక్కలాగ ఉంటది. తెగి ఉంటే తెగిన ముక్కలు తోకలాగ సాగుతయి. తోక ఎంత పొడుగైతే దెబ్బ అంత ఎక్కువ. ఇప్పుడు అందరూ వాడే తీరును నరేంద్ర సింగ్, తోటి శాస్త్రవేత్తలు 1988లో ఇచ్చిన్రు.

నిషేధం వచ్చిన దారి

1994లో జర్మనీ, ఒంటికి తగిలే బట్టల్లో ఈ అమీన్లు విడుదల చేసే అజో రంగులు ఉండొద్దని నియమం చేసింది. 1996లో అది గట్టిగా అమలైంది. 2002లో యూరప్ దేశాలన్నీ 22 అమీన్ల జాబితా పెట్టినయి. కిలో బట్టలో 30 మిల్లీగ్రాములు దాటితే సరుకు తిప్పి పంపుతరు. మన దేశంలో 42 బెంజిడిన్ రంగులను ముందే నిషేధించిన్రు. 1997 మార్చి 26 నోటిఫికేషన్‌తో ఇంకో 70 అజో రంగులు చేరి మొత్తం 112 అయినయి.

అజో రంగులన్నీ నిషేధం కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. వేల అజో రంగుల్లో ఆ చెడ్డ అమీన్లు విడుదల చేసేవి మాత్రమే. ఇప్పుడు మనం వాడే రియాక్టివ్ రంగుల్లో కూడా చాలావరకు అజోలే. రంగు చీర కట్టుకుంటే రోగం వస్తదని ఎవరినీ భయపెట్టడం మా ఉద్దేశం కాదు. రియాక్టివ్ పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం వస్తది, అది వేరే జాగ్రత్త.

మా సంఘానికి ఈ సంగతి తెలిసిన తీరు చెప్తం. 1997లో మేము ఒక ఎగుమతి వ్యాపారికి ఇచ్చిన టేబుల్ బట్టల లాటు పరీక్షలో ఫెయిలై వెనక్కి వచ్చింది. మాకు నష్టం. కమిటీ మీటింగులో అరుపులు, కేకలు. ఆ రోజు మేమంతా మాట్లాడింది డబ్బు గురించే. బట్ట తుడుచుకునే దొర చేతికి అపాయమని లాటు తిప్పి పంపిన్రే, ఆ రంగును పొడిగా, నీళ్లుగా ముప్పై ఏండ్లు కలిపిన మన చేతి సంగతేమిటని ఒక్కరం అడగలేదు. మేమూ అడగలేదు. అప్పటికి పెదనాయిన పోయి తొమ్మిదేండ్లు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడ రాయాలి. ఎన్నేండ్లుగానో రాయాలని ఉన్నది. ఆ తర్వాత రెండు సీజన్లు, స్థానిక సరుకే కదా, పరీక్ష ఎవరు చేస్తరు అని, పేరు లేని పొట్లాలు తెచ్చినం. కిలోకు మిగిలేది కొంచెమే గానీ, సంఘం అప్పుల్లో ఉండె. పొట్లం మీద కంపెనీ పేరు లేదు, రంగు నంబరు లేదు, పెన్సిల్‌తో 'ఎరుపు' అని మాత్రం రాసి ఉండె. నిషేధం సంగతి అప్పటికి మాకు తెలుసు. అమ్మినవాడిని ఇక్కడ అనడం లేదు, కొన్న బిల్లు మీద సంతకం మాది. అవి కలిపింది మా సంఘం రంగు పనివాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకాయన పిల్లలు ఈ సంచిక చదువుతరు. ఆ ఇంటికి పోయి మేము ఈ మాట చెప్పి వచ్చినం. చెప్పకుండా రాయడం సబబు కాదనిపించింది. ఆయన ఆరోగ్యంగానే ఉన్నడు. ఏటా మూత్రం పరీక్ష సంఘం ఖర్చుతో చేయిస్తున్నం.

ఇప్పుడు గుమ్మంలోకి వచ్చింది: నానో

పాత కథ ముగిసిందనుకుంటే పోయినేడు ఒక ఏజెంటు వచ్చిండు. తువ్వాళ్లకు, చద్దర్లకు నానో వెండి ఫినిషింగ్ అట. చెమట వాసన రాదు, క్రిములు చస్తయి, ధర ఎక్కువ పలుకుతది అన్నడు. సీసాలో నీళ్లలాంటి మందు. చివరి నీళ్లలో కలిపి ముంచితే చాలు అన్నడు. ముంచితే చాలు అన్న మాట వినగానే మాకు కాంగో రెడ్ కథ గుర్తొచ్చింది.

నానో అంటే ఎంత? ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక్క భాగం ఒక నానోమీటరు. నూరు నానోమీటర్ల లోపు ముక్కలను నానో అంటరు. మన వెంట్రుక మందం ఎనభై వేల దాకా ఉంటది. వెండి పట్టీలు తరతరాలుగా పెట్టుకుంటున్నం, ఏమీ కాలేదు కదా అని మేమూ అన్నం. మనుమరాలు చెప్పింది: బెల్లం అచ్చు నీళ్లలో మెల్లగా కరుగుతది, పొడి చేస్తే వెంటనే కరుగుతది, ఎందుకంటే నీళ్లు తగిలే భాగం పెరిగింది. వెండి కూడా అంతే. పట్టీ కణంలోకి పోలేదు, నానో ముక్క పోగలదు. లోపల వెండి అయాన్లను వదులుతది, ఆక్సిజన్‌ను చురుకైన రూపాల్లోకి మారుస్తది. అవి తుప్పులాగ డీఎన్ఏ అక్షరాలను తింటయి, పోగులను తెంపుతయి. అమీన్‌ది బంక అంటుకునే పని అయితే, నానోది తుప్పు పట్టించే పని. దెబ్బ తగిలేది ఆ అట్టల మాలకే.

2009లో సింగపూర్ పరిశోధకులు మనిషి ఊపిరితిత్తి కణాలను గాజు పళ్లెంలో పెంచి నానో వెండి కలిపితే డీఎన్ఏ దెబ్బతిన్నది, మోతాదు పెరిగినకొద్దీ దెబ్బ పెరిగింది. తోకచుక్క పరీక్షలో తోకలు కనబడ్డయి. గాజు పళ్లెంలో కణాలు వేరు, నిండు మనిషి వేరు, అది మనుమరాలు గట్టిగా చెప్పింది. 2008లో అమెరికాలో అరిజోనాలో నానో వెండి మేజోళ్లను నీళ్లలో ఉతికి చూస్తే, కొన్నింటిలోంచి వెండి దాదాపు అంతా నాలుగు ఉతుకుల్లోనే నీళ్లలోకి పోయింది. టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి కూడా బట్టల ఫినిషింగ్‌లో వస్తున్నది. దాన్ని తిండిలో కలపడం యూరప్‌లో 2022లో ఆపేసిన్రు, డీఎన్ఏకు హాని లేదని గట్టిగా చెప్పలేకపోయినందుకు.

నానో అంతా విషమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. బెంజిడిన్‌కు ఉన్నట్టు నూరేండ్ల సాక్ష్యం దీనికి లేదు. మా భయం వేరే. తువ్వాలు తుడుచుకునేవాడికి తగిలేది చుక్కంత. గాబులో చేతులు పెట్టేవాడికి, ఫినిషింగ్ తుంపర పీల్చేవాడికి రోజూ తగులుతది. ఈ లెక్క పోయినసారి కూడా ఇట్లనే ఉండె.

మా సంఘం ఏమి రాసుకున్నది

ఏజెంటును మేము మూడు అడిగినం. సీసాలో ఏమున్నది, ముక్కల సైజు ఎంత, భద్రతా సమాచార పత్రం ఎక్కడ? ఫోన్ చేస్తమని పోయిండు, చేయలేదు. కమిటీలో ఇద్దరు కుర్రవాళ్లు మంచి ఆర్డరు పోగొట్టినమని అలిగిన్రు. వాళ్ల బాధ కూడా అర్థమైతది, పని లేక పిల్లలు మగ్గం వదిలిపోతున్న కాలం ఇది. మళ్లీ పత్రంతో వస్తే మళ్లీ కూర్చొని చూద్దామని తీర్మానం రాసుకున్నం.

దాంతోపాటు ఒక రంగుల పుస్తకం తెరిచినం. వచ్చిన ప్రతి డబ్బా మీది రంగు పేరు, నంబరు, కంపెనీ, తేదీ, కలిపిన మనిషి పేరు అందులో రాస్తం. పేరు లేని పొట్లం లోపలికి రాదు. రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు, ఫ్యాను, సబ్బు సంఘానివే. రంగు గదిలో తిండి, బీడీ బంద్. పాత గూళ్లలో మిగిలిన నాఫ్తాల్ బేస్‌లను కాలువలో పోయకుండా డబ్బాల్లో మూసి పెట్టినం, ప్రమాదకర చెత్త తీసుకపోయేవాళ్లకు అప్పగించడానికి.

మీ ఇండ్లలో రంగు పని చేసిన పెద్దలు ఉంటే, సోలాపూరైనా, సేలమైనా, బరంపురమైనా, బెంగళూరైనా, ఒక్క మాట. నొప్పి లేకపోయినా మూత్రంలో రక్తం కనబడితే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పోండి. తొలి దశలో దొరికితే మందు ఉన్నది. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: "మేము రంగు పనివాళ్లం, ఇన్నేండ్లు, ఈ రంగులు." పని మానేసి ఇరవై ఏండ్లైనా చెప్పండి.

మా రంగుల పుస్తకం మొదటి పేజీలో, లెక్కకు సంబంధం లేకపోయినా, పెదనాయిన పేరు రాసినం. ఆయన ఏయే బేస్‌లు ఎన్నేండ్లు కలిపిండో మాకు గుర్తున్నంత వరకు దాని కింద రాసినం. మీ ఊరి సంఘాల్లో కూడా గుర్తున్నవాళ్లు ఉండగానే అడిగి రాసి పెట్టండి.